మీకు తెలుసా? పాదాలకూ ఓ పట్టా ఉంది!

కళ్లకో డాక్టరు, పళ్లకో డాక్టరు. మరి పాదాలకు? ఉన్నారండీ, అచ్చంగా పాదాల కోసమే చదువుకుని వచ్చేవాళ్లున్నారు! వాళ్లను పోడియాట్రిస్టులు అంటారు. ఇంగ్లండులో అయితే ఒకచోట ఉద్యోగం చేస్తూ, జీతం తీసుకుంటూనే ఈ చదువు పూర్తి చేయొచ్చు. ఆ చదువు చుట్టూ ఏరుకొచ్చిన వింతలివి.

మన ఒంట్లో 206 ఎముకలుంటే, అందులో 52 రెండు పాదాల్లోనే ఉన్నాయి! అంటే నాలుగో వంతు ఎముకలు చెప్పుల్లో దాక్కున్నాయన్నమాట. పోడియాట్రీ విద్యార్థి వాటిని ఒక్కొక్కటిగా పేరుపెట్టి పిలవగలగాలి.

ఆ 52లో ఒక తమాషా ఎముక ఉంది, దాని పేరు టాలస్. చీలమండలో ఒంటి బరువంతా దాని మీదే పడుతుంది, కానీ ఒక్క కండరం కూడా దానికి అతుక్కుని ఉండదు! గ్రీకులు, రోమన్లు గొర్రెల కాళ్లలోని ఇదే ఎముకను పాచికల్లా వేసి ఆడుకునేవారు.

పాదాలు చూడటం నేర్చుకోవడానికి ఎన్ని గంటలు పడుతుంది? చెప్పుకోండి చూద్దాం! బ్రిటన్‌లో ఈ చదువుకు చాలాకాలంగా చెప్పే లెక్క దాదాపు 1000 గంటలు. అదీ పుస్తకం ముందు కాదు, రోగి పాదం ముందు! రోజుకు 8 గంటల చొప్పున వేసుకుంటే 125 పనిదినాలు.

ఇప్పటికే జీవశాస్త్రంలోనో, క్రీడాశాస్త్రంలోనో డిగ్రీ ఉన్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు! రెండేళ్ల ఎమ్మెస్సీ చేసి పోడియాట్రిస్టు కావచ్చు.

పనిచేస్తూ చదివే అప్రెంటిస్‌గా చేరితే చదువుకునేవాళ్లు ఫీజు రూపంలో ఒక్క పెన్నీ కూడా కట్టరు. మరి ఆ డబ్బు ఎక్కడిది? బ్రిటన్‌లో ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించి జీతాలిచ్చే సంస్థలు, ఆ పై మొత్తం మీద అర శాతం శిక్షణ సుంకంగా కట్టాలని 2017 ఏప్రిల్ నుంచి నియమం ఉంది. ఇంగ్లండులో అప్రెంటిస్‌ల ఫీజుకు వాడేది ఆ నిధే. కాలేజీలో సీటొచ్చీ ఫీజు కట్టలేక ఆగిపోయిన పిల్లల్ని చూసిన ఎవరికైనా ఈ ఏర్పాటు ముచ్చటగా అనిపిస్తుంది, నాకైతే మరీనూ.

అదే ఇంగ్లండులో 1563లో ఒక చట్టం చేశారు. చేతిపని నేర్చుకోవాలంటే గురువు దగ్గర కనీసం ఏడేళ్లుండాలి! పనిచేస్తూనే డిగ్రీ పొందే అప్రెంటిస్ పద్ధతి మాత్రం అక్కడ 2015లోనే మొదలైంది.

అప్రెంటిస్‌లా కాకుండా మామూలుగా కాలేజీకి వెళ్లి చదివితే? అర్హులైనవాళ్లకు ప్రభుత్వం ఏడాదికి 5000 పౌండ్లు సాయం చేస్తుంది, తిరిగి కట్టక్కర్లేదు. పాదాల చదువుకైతే పైన మరో 1000 పౌండ్లు! ఈ చదువుకు వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి ఈ ఊరింపు.

మన తెలుగు పిల్లలకు ఒక మాట. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవారికి ఈ జీతంతో కూడిన అప్రెంటిస్ దారి దొరకదు. ఫీజు కట్టి చదివే ఎమ్మెస్సీకి మాత్రం అడ్డు లేదు.

బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తుల రిజిస్టరులో పేరు లేకుండా “నేను పోడియాట్రిస్టును” అని బోర్డు పెట్టుకుంటే అది నేరం! ఆ బిరుదును చట్టమే కాపలా కాస్తుంది. రిజిస్ట్రేషన్‌ను రెండేళ్లకోసారి కొత్తగా చేయించుకోవాలి. అప్పుడు ప్రతి 1000 మందిలో 25 మందిని ఏరి, “ఈ రెండేళ్లలో కొత్తగా ఏం నేర్చుకున్నారు? చూపించండి” అని అడుగుతారు.

వీళ్ల పాత పేరు కైరోపొడిస్ట్. ఇందులో పాదంతో పాటు చెయ్యి కూడా ఉంది! గ్రీకులో ‘కైర్’ అంటే చెయ్యి, ‘పొడ్’ అంటే పాదం. 1785లో లండన్‌లో డేవిడ్ లో అనే ఆయన రాసిన పుస్తకంతో ఈ మాట వాడుకలోకి వచ్చింది.

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ కాళ్లకు వైద్యం చేసినాయన, అంతర్యుద్ధం నడుస్తుండగానే రాయబారిగా కూడా వెళ్లాడంటే నమ్ముతారా? ఆయన పేరు ఇసకర్ జకారీ, పుట్టింది ఇంగ్లండులో. 1862లో లింకన్ ఆయన పనితనాన్ని మెచ్చుకుంటూ కాగితం రాసిచ్చాడు. ఆ తర్వాత ఆయన న్యూ ఆర్లియన్స్‌కు వెళ్లాడు, 1863లో శత్రుపక్షం నాయకులతోనూ మాట్లాడి వచ్చాడు. కాళ్లకు బలపం కట్టుకు తిరిగిన కాళ్ల వైద్యుడు!

కాలివేళ్ల మధ్య నరం ఉబ్బి సలిపే జబ్బును మోర్టన్ న్యూరోమా అంటారు. కానీ మోర్టన్ దాని గురించి రాసింది 1876లో! అంతకు 31 ఏళ్ల ముందే, 1845లో, బ్రిటిష్ రాజకుటుంబం పాదాలు చూసే లూయిస్ డర్లాకర్ దాన్ని వర్ణించాడు. పేరు మాత్రం మోర్టన్‌కే దక్కింది, పాపం.

చేతిగోరు నెలకు దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు పెరిగితే, కాలిగోరు పెరిగేది ఒకటిన్నరే! అందుకే బొటనవేలి గోరు ఊడిపోతే కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

అరికాల్లో ఒక్క వెంట్రుకా లేదు, ఒక్క నూనెగ్రంథీ లేదు! ఎప్పుడైనా గమనించారా? చర్మానికి సొంత జిడ్డు లేకపోవడం వల్లే మడమలు అంత తేలిగ్గా పగులుతాయి. మా నాయనమ్మ రాత్రిపూట కొబ్బరినూనెలో మైనం కరిగించి మడమలకు రాసుకునేది. పోడియాట్రిస్టు చెప్పే మొదటి మాటా దాదాపు అదే, రోజూ తేమనిచ్చే క్రీము రాయమని.

ఆనెకాయ తీయడం చూశారా? పోడియాట్రిస్టు 10 నంబరో, 15 నంబరో బ్లేడు బిగించిన కత్తితో పొడవడు, కోయడు. ఒక చేత్తో చర్మాన్ని బిగబట్టి, రెండో చేత్తో ఉల్లిపొర కన్నా పల్చగా పొర మీద పొర చెక్కుతూ పోతాడు. అడుగున మేకు మొనలాంటి గట్టి బీజం బయటపడుతుంది, దాన్ని నేర్పుగా తీసేస్తాడు. సరిగ్గా చేస్తే ఒక్క రక్తపుబొట్టు రాదు! చచ్చిన చర్మంలో రక్తనాళాలు ఉండవు మరి.

పాదాన్ని చెవితో కూడా పరీక్షిస్తారు! పాదం పైనా, చీలమండ లోపలి వైపు వెనకా చేతిలో ఇమిడే డాప్లర్ యంత్రం ఆనిస్తే, రక్తం పారే చప్పుడు ‘హుష్... హుష్’ అని గదంతా వినబడుతుంది. ఆరోగ్యమైన ధమనిలో ఒక్కో గుండె దెబ్బకు ఆ చప్పుడు మూడు ముక్కలుగా వస్తుంది. నాళం పూడుకుపోతుంటే ఒకే బండ చప్పుడుగా మారుతుంది.

నైలాన్ పోగు ఒక్కటి కాలును కాపాడగలదా? కాపాడుతుంది! సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా చేసిన పోగును మధుమేహం ఉన్నవారి అరికాలికి ఆనిస్తారు. పది గ్రాములంటే కాఫీలో వేసుకునే రెండు చెంచాల పంచదార బరువు! పోగు వంగినా స్పర్శ తెలియలేదంటే, ముల్లు గుచ్చుకున్నా తెలియదని అర్థం.

2000లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో ఒక దొంగ దొరికింది నడకతో! కెమెరాకు ముఖం చిక్కకపోయినా నడక చిక్కింది, పాదాల నిపుణుడు అది అతని నడకేనని సాక్ష్యం చెప్పాడు.

దాదాపు 3000 ఏళ్ల కిందటి ఈజిప్టు మమ్మీ కాలికి చెక్కతో, తోలుతో చేసిన బొటనవేలు ఉంది! అలంకారానికేమో అనుకునేవారు. బొటనవేలు లేని మనుషులకు ఇంగ్లండులో అలాంటిదే చేసి తొడిగితే చక్కగా నడిచారు.

ఇక మనకు దగ్గరి ముచ్చట. రాయలసీమ వాళ్లు తరతరాలుగా వైద్యానికి వెళ్లే వేలూరు ఉంది చూశారూ, పాదాల వైద్యానికి అది చిన్న పుట్టిల్లు! తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ అక్కడ కుష్ఠు రోగుల కాళ్లు, చేతులు బాగుచేశారు. వేళ్లను కొరుక్కుతినేది జబ్బు కాదు, నొప్పి తెలియకపోవడమే అని ఆయన పట్టుకున్నారు. రాత్రికి రాత్రి కొందరి వేళ్లు ఎలా పోతున్నాయో కాపు కాసి చూస్తే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయి, వాళ్లకు తెలియడం లేదు! విరుగుడేమిటో ఊహించండి. ఇంటికి వెళ్లే రోగికి మందులతో పాటు ఒక పిల్లి!

తర్వాత ఆయన అమెరికా వెళ్లి, మన దేశంలో కుష్ఠు పుండ్లకు వేసిన పిండికట్టునే అక్కడ మధుమేహ పుండ్లకు వేశారు. పాదమంతా అంటుకునే ఆ కట్టు ఈనాటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది.

మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో పోడియాట్రిస్టు పేరు కూడా ఉంది!

ఆఖరుగా ఒక ఆట. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవాళ్లెవరైనా ఉన్నారా? కళ్లు మూసుకోమనండి. రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, మొత్తం ఆరు కొసల్ని చూపుడువేలితో ఒక్క క్షణం తాకండి. నొక్కొద్దు, గోకొద్దు, ఊరికే తాకాలి. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రిలో పుట్టిన పరీక్ష ఇది, ఖర్చు సున్నా! ఆరింటిలో రెండు తాకిళ్లు తెలియకపోయినా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.