నాన్న వేగంతో నడిస్తే...

మొదటిరోజు మా నడక లెక్క ఇదీ: 40 నిమిషాలు, 1,140 అడుగులు. మధ్యలో నా చేతి వాచీ ఒకసారి వణికి ‘కాస్త లేచి కదలండి’ అని గుర్తుచేసింది. అప్పటికి మేం నడుస్తూనే ఉన్నాం!

నాన్నకి 61 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని నేసిన మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి. డాక్టరుగారు రెండు మాటలు చెప్పారు. రోజూ నెమ్మదిగా నడవాలి, చేతికర్ర వాడాలి. మొదటిదానికి సరేనన్నాడు. రెండోదానికి మాత్రం ‘‘కర్ర పట్టుకున్న రోజు నుంచి ఊళ్లో నన్ను ముసలాళ్ల లెక్కలో ఏస్తారు. నావల్ల కాదు’’ అని తేల్చి చెప్పేశాడు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రెండు నెలలు ఇంటి నుంచి పనిచేసుకునే వీలు దొరికి, వేటపాలెం వచ్చా. అమ్మ నాకో డ్యూటీ వేసింది. పొద్దున్నే నాన్న పక్కన నడవాలి. పడిపోకుండా చూసుకోవాలి.

నిజం చెప్పాలంటే మొదటి నాలుగు రోజులూ నాకు నరకమే. హైదరాబాద్‌లో పార్కుకెళ్తే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ట్రాక్ మీద చకచకా పదివేల అడుగులు పూర్తిచేసే అలవాటు నాది. ఇక్కడేమో పది అడుగులకోసారి ఆగాలి.

విసుగొచ్చి ఓ రాత్రి, అసలు ఈ పదివేల లెక్క ఎక్కడిదని వెతికా. 1965లో జపాన్‌లో ఓ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టిందట. దాని పేరు ‘మాన్‌పో-కే’. అంటే ‘పదివేల అడుగుల మీటరు’. ప్రచారం కోసం పెట్టిన ఆ పేరే మెల్లగా అందరికీ లక్ష్యమై కూర్చుంది! అమెరికాలో వయసు మళ్లిన మహిళల మీద చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకి సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలోనే మరణాల ముప్పు బాగా తక్కువగా కనిపించింది. 7,500 దాటాక అదనంగా కలిసొచ్చిందేమీ లేదు. మర్నాడు వాచీ ఇంట్లోనే వదిలేశా.

వీధిలో పడుగు

అయిదోరోజు తెల్లవారుజామున పక్క వీధిలోకి తిరిగేసరికి దారికి అడ్డంగా పడుగు పరిచి ఉంది. పడుగంటే చీరకి నిలువు పోగులు. వీధి పొడవునా దాన్ని సాగదీసి కట్టి, గంజి పెట్టి, పెద్ద కుంచెతో దువ్వుతున్నారు. చిన్నప్పుడు ఇది రోజూ చూసిందే. ఇప్పుడు మగ్గాల చప్పుడే తగ్గిపోయింది. ‘ఇంత పొద్దున్నే ఎందుకు చేస్తారు?’ అని మాత్రం నేనెప్పుడూ అడగలేదు. ‘‘ఎండెక్కితే గంజి చప్పున ఆరిపోయి పోగులు పుటుక్కున తెగుతయ్ రా’’ అన్నాడు నాన్న.

అంటూనే ఆగి, వంగాడు. వందల పోగుల మధ్య తెగిన పోగొకటి ఆయనకి కనిపించింది. రెండు కొసలూ వేళ్ల మధ్య పెట్టి ఒక్క మెలి తిప్పాడంతే, అతుక్కుంది. ‘‘చెయ్యి ఇంకా మర్చిపోలా బాబాయ్’’ అన్నాడు కుంచె పట్టుకున్నాయన. నాన్న ఏమీ మాట్లాడలేదు. కానీ ఆ రోజు ఇంకో వంద గజాలు ఎక్కువే నడిచాడు.

చీమల మగ్గం

ఇళ్లు దాటితే ఇసుక నేల. జీడిమామిడి చెట్లు, తాటిచెట్లు, సరుగుడు తోటలు. మా ఊరి జీడిపప్పు సంగతి మీకు తెలిసే ఉంటుంది. కానీ ఈ చెట్టు పుట్టిల్లు బ్రెజిల్ అనీ, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికొచ్చిందనీ చాలామందికి తెలియదు.

ఓ జీడిమామిడి చెట్టుకింద నాన్న మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. నొప్పేమోనని కంగారుపడ్డా. ‘‘అది కాదురా, పైకి చూడు’’ అన్నాడు. ఎర్రచీమలు గూడు కడుతున్నాయి. కొన్ని వరుసగా నిలబడి ఒక ఆకు అంచుని కాళ్లతో అదిమిపట్టి, పక్క ఆకు అంచుని నోటితో లాగుతున్నాయి. రెండు ఆకులూ దగ్గరయ్యాక ఇంకొన్ని చీమలు తెల్లటి పిల్ల పురుగుల్ని నోట కరుచుకొచ్చాయి. ఆ పురుగుల నోటి నుంచి పట్టులాంటి దారం వస్తుంది. చీమలు వాటిని ఈ అంచు నుంచి ఆ అంచుకి తిప్పుతుంటే ఆకులు అతుక్కుపోతున్నాయి. జీడిమామిడి లేత చిగుళ్లనీ, గింజలనీ పీల్చేసే టీ దోమని ఈ చీమలు వేటాడతాయట. కుడతాయని మనం గూళ్లు దులిపేస్తుంటాం కానీ, చెట్టుకి అవే కాపలా.

నాన్న చాలాసేపు చూశాడు. ‘‘బిడ్డనే నాడె చేశాయిరా’’ అన్నాడు. నాడె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తుతూ పేక దారాన్ని మోసేది.

కాసేపాగి తనే చెప్పాడు. ‘‘మా నాయన నాకు ఆరేళ్లప్పుడే కండెలు చుట్టే పని పెట్టాడు. నిన్ను మాత్రం కండె ముట్టుకోనీలా.’’ నేను పుట్టకముందు, 1991లో నూలు ధరలు విపరీతంగా పెరిగిపోయాయి. ఈ చుట్టుపక్కల నేతవాళ్ల ఇళ్లల్లో ఆకలిచావులు జరిగాయి. అప్పటికి నాన్నకి పాతికేళ్లు దాటాయంతే. పిల్లలు పుడితే మగ్గం వైపు రానివ్వకూడదని అప్పుడే అనుకున్నాడట. నన్నెందుకు మగ్గం గదిలోంచి తరిమేసేవాడో ఇరవై ఏళ్ల తర్వాత, ఓ చెట్టుకింద తెలిసింది. పాడుచేస్తాననేమో అనుకునేవాణ్ని.

ఆ తర్వాత మా నడకకి ఓ పద్ధతొచ్చింది. తాటిచెట్టుకి వేలాడే గిజిగాడి గూళ్ల దగ్గర తప్పనిసరిగా ఆగేవాళ్లం. వాటిని అల్లేది మగపిట్ట. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం అల్లుతుంది. ‘‘సేటు చీర మడత విప్పి చూసినట్టే’’ అని నాన్న పగలబడి నవ్వాడు.

విరిగిన కర్ర

ఓ సాయంత్రం నడక సారస్వత నికేతనం దాకా సాగింది. 1918లో వి.వి. శ్రేష్టిగారు మొదలుపెట్టిన గ్రంథాలయం ఇది. పాత తెలుగు పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. నేనేమో చిన్నప్పుడు పోటీ పరీక్షల పుస్తకాల కోసం వెళ్లి, అవి మాత్రమే చూసి వచ్చేసినవాణ్ని.

1929లో గాంధీజీ ఈ గ్రంథాలయ భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పటి జనం తోపులాటలో ఆయన చేతికర్ర విరిగిపోయింది. ఆ కర్రని ఇక్కడ భద్రంగా దాచారు. దాని గురించి మాట్లాడుకుంటుంటే నాన్న అడిగాడు, ‘‘అప్పుడాయనకి ఎన్నేళ్లుంటయ్?’’

లెక్కేసి చెప్పా. ‘‘యాభై తొమ్మిది. తర్వాతి ఏడు దండికి నడిచాడు నాన్నా, 24 రోజులు, దాదాపు 385 కిలోమీటర్లు. చేతిలో కర్రతోనే.’’

‘‘నాకంటే చిన్నోడే’’ అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. నేనూ కర్ర ఊసెత్తలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే తలుపు దగ్గర నాన్న సిద్ధంగా ఉన్నాడు. చేతిలో నున్నగా అరిగిన ఓ వెదురు కర్ర. విప్పేసి అటక మీద పెట్టిన మగ్గం సామాన్లలోది. నేను దానివైపు చూడటం గమనించి, ‘‘కుక్కలు ఎక్కువైనయ్ రా, అందుకు’’ అన్నాడు.

మా వీధిలో ఉన్నది ఒకే ఒక్క కుక్క. అదీ రోజంతా నిద్రపోతుంటుంది. ‘‘అవున్నాన్నా, బాగా ఎక్కువయ్యాయి’’ అన్నా.

వచ్చే వారం నేను హైదరాబాద్ వెళ్లిపోవాలి. మీ ఇంట్లోనూ నెమ్మదిగా నడిచేవాళ్లుంటే, ఒక్క వారం వాళ్ల వేగంతో నడిచి చూడండి. వాళ్లెక్కడ ఆగితే మీరూ అక్కడ ఆగండి. ఎందుకాగారని మాత్రం తప్పకుండా అడగండి. నేను ఇరవై ఏళ్లు ఆలస్యంగా అడిగా.