విదేశీ ప్రభుత్వం బాకీపడితే...

ఢిల్లీలోని అల్జీరియా రాయబార కార్యాలయానికి ఒక కాంట్రాక్టరు మరమ్మతులు చేశారు. బిల్లుల సొమ్ము రాలేదు. బాకీదారు మరెవరైనా అయివుంటే ఆయన నేరుగా సివిల్ కోర్టుకు వెళ్లేవారు. బాకీపడింది విదేశీ ప్రభుత్వం గనుక ముందుగా కేంద్రాన్ని అనుమతి కోరవలసి వచ్చింది. 'రాజకీయ కారణాల'పై అనుమతి నిరాకరిస్తున్నట్లు విదేశాంగ శాఖ జవాబిచ్చింది. మరమ్మతు బిల్లు వసూలైతే దౌత్య సంబంధాలు ఎలా దెబ్బతింటాయో సామాన్యునికి అంతుపట్టదు.

ఒక సార్వభౌమ రాజ్యం మరొక రాజ్యపు న్యాయస్థానానికి జవాబుదారీ కాదన్నది అంతర్జాతీయ న్యాయంలోని పాత సూత్రం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ దీనిని కొంత సడలించింది. కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి ధ్రువీకరించిన లిఖితపూర్వక అనుమతి ఉంటే విదేశీ రాజ్యంపై దావా వేయవచ్చునని 86వ సెక్షన్ చెబుతోంది. ఆ రాజ్యం కోర్టు పరిధిలో వ్యాపారం చేస్తున్నప్పుడు, అక్కడ తన స్వాధీనంలో ఉన్న స్థిరాస్తిపైనే వివాదం తలెత్తినప్పుడు, తన రక్షణను తానే వదులుకున్నప్పుడు ఈ అనుమతి ఇవ్వవచ్చు. చిక్కు అంతటితో తీరదు. దావా గెలిచిన తరువాత ఆస్తి జప్తు చేయించడానికి మళ్లీ అనుమతి కావాలి. అది రాకపోతే చేతిలో మిగిలేది డిక్రీ కాగితమే.

ఈజిప్టుకు తేయాకు సరఫరా ఒప్పందంపై కలకత్తాలో దాఖలైన దావా ఈ అనుమతి లేదన్న కారణంతోనే 1965లో సుప్రీంకోర్టులో వీగిపోయింది. అల్జీరియా వ్యవహారంలో మాత్రం 1986లో అదే న్యాయస్థానం కేంద్రాన్ని తప్పుపట్టింది. అనుమతి అధికారం యథేచ్ఛగా వాడుకునేది కాదని, కారణాలు చూపాలని పేర్కొంటూ దరఖాస్తును తిరిగి పరిశీలించమని ఆదేశించింది. నిరాకరించే ముందు దరఖాస్తుదారు వాదన వినాలన్న నిబంధన 1976 సవరణతోనే చట్టంలో చేరింది.

పొరుగున పాకిస్థాన్ 1981లోనే ప్రత్యేక ఆర్డినెన్సు తెచ్చి, వాణిజ్య లావాదేవీలకు ఈ రక్షణ వర్తించదని స్పష్టం చేసింది. భారత్‌లో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. సడలింపు కోర్టు తీర్పుల ద్వారానే వస్తోంది. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ ఆలస్యంగా చేర్చిన సరకుపై వచ్చిన వినియోగదారుల ఫిర్యాదుకు 86వ సెక్షన్ అడ్డురాదని 2011లో సుప్రీంకోర్టు ప్రకటించింది. అఫ్ఘానిస్థాన్ రాయబార కార్యాలయ భవన పనులపై వెలువడిన మధ్యవర్తిత్వ అవార్డు అమలుకు కేంద్రం అనుమతి అక్కరలేదని 2021లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది.

ఈ తీర్పు ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు రాయించుకున్నవారికే ఊరట. నోటిమాటపైనో, సాదా వర్క్ ఆర్డరుపైనో దౌత్య కార్యాలయాలకు పనిచేసే చిన్న కాంట్రాక్టర్లు సివిల్ కోర్టులో దావా వేయాలంటే నేటికీ ముందుగా కేంద్రానికే దరఖాస్తు పెట్టుకోవలసి ఉంటుంది.