గిన్నెలు ఎవరు తోమాలి?

కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండల్లో, డోనర్ పాస్ దగ్గర క్లెయిర్ టాపాన్ లాడ్జి ఉంది. సియెరా క్లబ్ సభ్యులు 1934లో దాన్ని స్వచ్ఛందంగా కట్టుకున్నారు. అక్కడ హోటల్ సదుపాయాలు ఆశించకూడదు. పక్కబట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, అంతా కలిసి భోంచేయాలి. బస చేసిన ప్రతివారూ రోజుకో పని చేయాలన్నది అక్కడి రివాజు. గిన్నెలు తోమడమో, నేల ఊడ్వడమో ఏదో ఒకటి. డబ్బు కట్టాను కదా అంటే కుదరదు. అక్కడ అతిథి కూడా ఇంటివాడే!

మరి మన సంగతేమిటి? బోడుప్పల్ నుంచైనా, మరే ఊరి నుంచైనా చర్చి రిట్రీట్‌కు వెళ్తే పాటలకు, ప్రసంగాలకు అందరం ముందుంటాం. భోజనాలయ్యాక గిన్నెల దగ్గర మాత్రం ఎప్పుడూ ఆ నలుగురు అక్కలే! వాళ్లు చేతులు కడుక్కుని వచ్చేసరికి ముగింపు ప్రార్థన కూడా అయిపోతుంది.

రూపాంతరపు కొండ మీద పేతురు మూడు పర్ణశాలలు కడతానన్నాడు. యేసు మాత్రం కొండ దిగాడు. కింద ఒక తండ్రి జబ్బుపడిన కొడుకుతో ఎదురుచూస్తున్నాడు మరి! తర్వాత ఒక రాత్రి ఆయనే నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు.

ఈసారి రిట్రీట్‌కు బైబిలుతోపాటు గిన్నెలు తోమే పీచు కూడా పట్టుకెళదాం. ఆ నలుగురు అక్కలను ముందు వరుసలో కూర్చోబెడదాం.