వార్తల్లో పదం: ఈ-ఫ్యూజ్

ఫోన్ రూట్ చేసి, కంపెనీ దాచుకున్న అధికారాలన్నీ చేతిలోకి తీసుకున్నారు. కొన్నాళ్లకు స్పీకర్ మూగబోయింది. వారంటీ ఇంకా ఉంది. ఓడిన్ ప్రోగ్రామ్‌తో పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటాం.

శామ్‌సంగ్ ఫోనైతే తెలిసిపోతుంది. 2013 నాటి గెలాక్సీ నోట్ 3లోనే ఉందీ కాపలా. పేరు నాక్స్ వారంటీ బిట్. చిప్‌లోని ఈ-ఫ్యూజే దీనికి ఆధారం. ఇంట్లో ఫ్యూజ్ పోతే తీగ చుట్టేస్తాం. ఇది కాలితే కాలినట్టే. కంపెనీ సంతకం లేని సాఫ్ట్‌వేర్ ఎక్కగానే 0 కాస్తా 1 అవుతుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా వెనక్కి రాదు. మదర్‌బోర్డు మార్చాల్సిందే. డౌన్‌లోడ్ మోడ్‌లో పెడితే ఆ అంకె చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. అది 1 అయితే సెక్యూర్ ఫోల్డర్, శామ్‌సంగ్ పే కూడా పనిచేయవు.

ఆఫీసు రహస్యాల భద్రత కోసమే ఇదంతా. సరే, 1 కనిపించిందని వారంటీ లేదంటే, మరి స్పీకర్ పోవడానికీ రూట్‌కీ సంబంధమేమిటి? అడగాల్సిన ప్రశ్నే.

పిక్సెల్ ఫోన్లలో మాత్రం, రూట్ కోసం తెరిచిన బూట్‌లోడర్‌కి (ఫోన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌కి) మళ్లీ తాళం వేసుకోవచ్చు. ముందు అసలు సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఎక్కించాలి, తర్వాతే తాళం. వరస తప్పితే ఫోన్ తెరుచుకోకపోవచ్చు.