సొట్ట, రంగు, ఉప్పుగాలి

నెల్లూరు నుండి మైపాడు సముద్రతీరము సుమారు 25 కిలోమీటర్లు. నిరుడు ఆశ్వయుజములో ఒక ఆదివారము పిల్లలతో అచటికి పోయి తిరిగి వచ్చుచుండగా, ఒక ఊరి మలుపులో ఆటో యొకటి మా కారు ఎడమ వెనుక తలుపును రాచుకొని పోయినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. తలుపునకు అరచేయి వెడల్పున సొట్ట, దానిమీదుగా జానెడు గీత. "ఇంతేగదా, తరువాత చూతము" అని మూడు వారములు ఊరకుంటిని. సొట్ట తీయించుటకైన ఖర్చుకన్న, ఇట్లు ఊరకుండుటకైన ఖర్చు ఎక్కువయ్యెను. ఎందుచేతనో తెలిసికొనుటకు ఉన్నత పాఠశాలలో చెప్పెడి భౌతిక, రసాయన శాస్త్రములు చాలును.

మొదట సొట్ట సంగతి. కారు తలుపు పైరేకు దళసరి సుమారు ముప్పాతిక మిల్లిమీటరు. బొటనవ్రేలితో మెల్లగా నొక్కి వదలినచో అది లోనికి పోయి మరల యథాస్థితికి వచ్చును. ఇది స్థితిస్థాపకత. దెబ్బ ఒక అవధిని మించినచో ఉక్కు స్ఫటికములలోని పరమాణువుల పొరలు ఒకదానిపై నొకటి జారును. బలము తొలగినను వెనుకకు రావు. ఈ జారుట ఎట్లు జరుగునో 1934లో టేలరు, ఒరోవాన్, పొలాని అను మువ్వురు వేర్వేరుగా వివరించిరి. పొర అంతయు ఒక్కమారు కదలదు. స్ఫటికములోని ఒక లోపము వరుస వెంట నడచిపోవును. పెద్ద జంబుఖానాను మొత్తముగా ఈడ్చుట కష్టము. ఒక కొసను ముడుత చేసి, ఆ ముడుతను అవతలి కొస వరకు తోసికొనిపోవుట తేలిక. లోహములో జరుగునదియు ఇట్టిదే.

వంగినచోట ఈ లోపములు మిక్కుటమై ఒకదానికొకటి అడ్డుపడును. అందుచే అచట లోహము గట్టిపడును. ఇనుప తీగను ఒకేచోట అటు నిటు నాలుగుమార్లు వంచి చూడుడు. బిరుసెక్కి తుదకు విరుగును. కనుకనే పని తెలిసిన టింకరు సొట్ట నట్టనడుమ సుత్తితో మోదడు. దెబ్బ తిన్నప్పుడు చివరగా ఏర్పడిన మడత సొట్ట అంచున గట్టువలె నుండును. దానిని ముందు విప్పి క్రమముగా నడిమికి వచ్చును. రేకు వెనుక ఇనుప దిమ్మ నానించి, ముందునుండి తేలిక దెబ్బలు వేయును.

దెబ్బలు ఎక్కువైనచో రేకు పలుచనై వ్యాపించును. వ్యాపించిన రేకునకు చోటు చాలదు. నూనె డబ్బా అడుగువలె టప్పున లోనికి, టప్పున వెలికి వచ్చుచుండును. దీనికి మందు వేడి. చిన్న మచ్చంత మేర మాత్రమే ఎఱ్ఱగా కాల్చుదురు. ఆ మచ్చ వ్యాకోచింపవలెను గాని చుట్టునున్న చల్లని రేకు దానిని సాగనీయదు. మెత్తబడిన లోహము తనలో తానే ఒదిగి దళసరియగును. చల్లారునప్పుడు సంకోచించి చుట్టునున్న రేకును బిగలాగును. వేడి చేసి రేకును కుదించుట వినుటకు వింతగా నుండును. బండి చక్రమునకు ఇనుప పట్టా బిగించు కమ్మరికి ఇందులో కొంత పరిచితమే.

ఇక గీత. నాకు నష్టము తెచ్చినది ఇదియే.

మన తీరమున అలలు విరిగినపుడు లెక్కలేనన్ని బుడగలు పగిలి, ఉప్పునీటి తుంపురులు గాలిలో కలియును. ఇస్కపల్లి ఉప్పు కొఠారులలో ఎండలో మిగులు పదార్థమే ఈ తుంపురులలోను ఉండును. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు కలవు. తీరమునుండి దూరమైనకొలది ఇనుముపై పడు ఉప్పు తగ్గును. అయితే పడిన ఉప్పు ఊరక ఉండదు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతము దాటినచో సోడియం క్లోరైడు తేమను లాగి తానే ద్రావణమగును. సముద్రపు ఉప్పులోనుండు మెగ్నీషియం క్లోరైడునకు 33 శాతమే చాలును. వాన లేకున్నను మన కారు తడిసియే యున్నదన్నమాట.

ఈ తడి ఏమి చేయునో చూపు చక్కని ప్రయోగ మొకటి కలదు. కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవన్స్ 1920ల దశకములో దీనిని ప్రసిద్ధము చేసెను. ఉప్పునీటిలో కొంచెము పొటాషియం ఫెర్రిసయనైడు, రెండు చుక్కల ఫినాఫ్తలీను కలిపి, గరుకు కాగితముతో రుద్దిన ఇనుప రేకుపై ఒక పెద్ద బొట్టు వేయవలెను. ఆమ్లము మాత్రము తగులనీయరాదు. కొంతసేపటికి బొట్టు నడుమ నీలము, అంచున గులాబి రంగు కనబడును. నడుమ ఇనుము అయానులుగా కరగుచున్నది. గాలి సులభముగా అందు అంచున ఆమ్లజని, నీరు ఎలెక్ట్రానులను గ్రహించి హైడ్రాక్సైడు అగుచున్నవి. ఒక చిన్న విద్యుద్ఘటమే ఆ బొట్టులో పనిచేయుచున్నది. రెంటికి నడుమ త్రుప్పు వలయము ఏర్పడును.

మా తలుపు గీత అడుగున కరగినది ఇనుము. రంగు పొర ఆమ్లజనిని పూర్తిగా ఆపలేదు; కావున గీత ప్రక్కన, పొర క్రింద గులాబి అంచు ఏర్పడినది. అనగా అచట సోడియం హైడ్రాక్సైడు పుట్టినది. క్షారము రంగునకు రేకుతో గల పట్టును సడలించును. పైకి గీత గీతగానే యుండును; లోపల రంగు వ్రేలెడు వెడల్పున విడిపోయి యుండును. త్రుప్పు తాను తిన్న ఇనుముకన్న అనేక రెట్లు చోటు ఆక్రమించును గనుక పొరను పైకెత్తును. చాల కార్ల రేకులకు జింకు పూత ఉండును. ఇనుముకన్న ముందు జింకు కరగి దానిని కాపాడును. అయితే ఆ పూత సాధారణముగా 10 మైక్రానులకు మించదు. రాపిడి చక్రము ఒక్కమారు తాకినచో అది పోవును.

కార్తీకములో, వానల నడుమ, ఒక షెడ్డులో కారు నిచ్చితిని. మూడు రోజులలో తలుపు అద్దమువలె వచ్చినది. సంక్రాంతికి దానిపై కందిగింజలంత బొబ్బలు లేచినవి. సూదితో పొడిచిన నీరు వచ్చినది. ఆ నీటిలో సిల్వరు నైట్రేటు వేయగా తెల్లని అవక్షేపము! కనబడు త్రుప్పును గీకి, ఉప్పును కడుగక పైన లప్పము పెట్టినారు. రంగు పొర గుండ నీటి ఆవిరి చొచ్చును, ఉప్పు వెలికి రాలేదు. నీటిలో వేసిన ఎండుద్రాక్ష ఎట్లుబ్బునో ఇదియు అట్లే. ద్రవాభిసరణమును పిల్లలకు బంగాళాదుంపతో చెప్పు నేను దీనిని ఊహింపకపోవుట సిగ్గుచేటు.

అప్పుడే అయస్కాంతముతో కూడ పరీక్షించితిని. ప్రయోగశాలలోని చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి తలుపుపై నడిపినచో, మంచిచోట గట్టిగా పట్టును. లప్పము దళసరిగా నున్నచోట జారిపోవును. ఫ్యాక్టరీ రంగు పొరలన్నియు కలిపి సుమారు 100 నుండి 130 మైక్రానులే. మా తలుపుపై ఒకచోట మూడు మిల్లిమీటర్ల లప్పమున్నది! సుత్తితో చేయవలసిన పని లప్పముతో చేసిరి. (ప్లాస్టిక్కు బంపరుపై ఈ పరీక్ష పనికిరాదని వేరుగా చెప్పనక్కరలేదు.) లప్పమనగా పాలియెస్టరు రెసినులో సుద్దరాతిపొడి కలిపిన ముద్ద. గట్టిపరచుటకు చిటికెడు పెరాక్సైడు కలుపుదురు. ఆ పొడి నీటిని పీల్చును. అందుచే లప్పమును తడిపి రుద్దుట, పైన ప్రైమరు లేక రాత్రంతయు వదలుట, రెండును చేటు.

రంగు వేయుటకు వానకాలము ఎందుకు చెడ్డది? ద్రావణి ఆవిరియగునప్పుడు ఉపరితలము చల్లబడును. తేమగాలిలో అది తుషారాంకము కన్న దిగువకు పోయినచో, ఆరని రంగుపై నీరు చేరి తళుకు మాయును. ఫ్యాక్టరీలో రంగును సుమారు 140 డిగ్రీల కొలిమిలో ఆరవేయుదురు. తయారైన కారులో ప్లాస్టిక్కు, రబ్బరు, తీగలుండుటచే మరమ్మతులో సుమారు 60 డిగ్రీలకు మించరు. కొలిమి చేయు పనిని ఇచట గట్టిపరచు ద్రవము చేయవలెను. అందులో ఐసోసయనేటులు ఉండును. ఆ షెడ్డులో పదునెనిమిదేండ్ల కుర్రవాడు ముక్కునకు చేతిరుమాలు కట్టి పిచికారి చేయుచుండెను. చేతిరుమాలు ఆ ఆవిరిని ఆపదు. ఐసోసయనేటు ఒకమారు ఊపిరితిత్తులకు పడకపోయినచో, తరువాత అత్యల్ప మోతాదునకే ఉబ్బసము రాగలదు. తాజాగాలి గొట్టముతో నందు ముసుగు ఉత్తమము. బొబ్బల సంగతి చెప్పుటకు పోయినపుడు, సొమ్ముకన్న ముందు, ఈ సంగతి యజమానికి చెప్పితిని. ఆయన విని ఊరకుండెను.

మాఘములో వేరొక పనివానివద్ద తలుపు మరల విప్పించితిని. రంగును గీతకు నలువైపుల నాలుగు వ్రేళ్ల మేర, రేకు మెరయు వరకు తీయించి, మంచినీటితో కడిగించి, తుది కడుగులు బ్యాటరీలో పోయు స్వేదనజలముతో చేయించితిని. మన బోరునీటిలోనే క్లోరైడు ఉండుటచే ఆ నీటితో పరీక్ష పనికిరాదు. ప్రతి కడుగు నీటిలో సిల్వరు నైట్రేటు చుక్క వేసితిమి. మొదటిది పాలవలె తెల్లబడినది, రెండవది మసక, మూడవది తేట. పనివాడు పని మాని దానినే చూచుచుండెను. ఉదయము ఆరబెట్టి, మధ్యాహ్నపు సముద్రపు గాలి తిరుగకముందే ప్రైమరు వేసెను.

ఈ సంవత్సరపు కార్తీక వానలు వెళ్లినవి. ఆ తలుపు నునుపుగానే యున్నది. ముందు తలుపు అడుగున, రేకు మడిచినచోట, కందిగింజంత బొబ్బ యొకటి లేచినది. దానిని ఇంకను విప్పి చూడవలసియున్నది.