మీకు తెలుసా? పురసవాక్కం పిచ్చాసుపత్రి నుంచి పక్క వీధి బడి దాకా

● చెన్నై పురసవాక్కంలో 1794లోనే పిచ్చాసుపత్రి వెలిసింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు వాలెంటైన్ కానలీ దాన్ని ప్రారంభించాడు. 1871లో పక్కనే ఉన్న కీల్పాక్కంలో ప్రభుత్వ పిచ్చాసుపత్రి వెలిసింది. అది నేటికీ పనిచేస్తోంది.

● ఇలాంటి ఆసుపత్రుల్లో చూసే మానసిక రోగం వేరు, బుద్ధిమాంద్యం వేరు. బుద్ధిమాంద్యం రోగం కాదు, ఎదుగుదలలో తేడా. అయినా 1858, 1912 నాటి చట్టాలు బుద్ధిమాంద్యం ఉన్నవారినీ 'ఉన్మాదులు' అనే నిర్వచనంలోనే చేర్చాయి. నేర్పితే నేర్చుకోగల పిల్లలకూ చట్టం దృష్టిలో అదే ముద్ర!

● ఆ ముద్ర తొలగడానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా నలభై ఏళ్లు పట్టింది. 1987 మానసిక ఆరోగ్య చట్టం బుద్ధిమాంద్యాన్ని మానసిక రోగాల నుంచి వేరు చేసింది.

● అంతకు మూడేళ్ల ముందే, 1984లో, బుద్ధిమాంద్యం ఉన్నవారికి శిక్షణ, దానిపై పరిశోధనల కోసం సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ ఏర్పడింది.

● బుద్ధిమాంద్యం సహా వైకల్యమున్న పిల్లలకు 18 ఏళ్ల వరకూ ఉచిత విద్య అందించాలని 1995 చట్టం చెప్పింది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. 40 శాతం, ఆపైన వైకల్యమున్న 6–18 ఏళ్ల పిల్లలు ఇంటి దగ్గరి బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా ఉచితంగా చదువుకోవచ్చు.

గుర్తుంచుకోండి: ఈ చదువు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, పిల్లల హక్కు. మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే ఆ తల్లిదండ్రులకు ఈ మాట తప్పక చెప్పండి.