లినక్సు కంప్యూటరు వేడెక్కితే తప్పు ఫ్యానుదేనా?

కంప్యూటరు వేడెక్కి ఆగిపోతే మొదట ఫ్యానును, దుమ్మును అనుమానిస్తాం. ఆ అనుమానం చాలాసార్లు నిజమే. అయితే లినక్సు వాడే డెస్క్‌టాప్ కంప్యూటర్లలో మరొక కారణం కూడా ఉండవచ్చు. తెర మీద బొమ్మలు గీయవలసింది గ్రాఫిక్స్ కార్డు. ఆ కార్డుకూ లినక్సుకూ నడుమ దుబాసీ వంటిది డ్రైవరు. దుబాసీ పలకకపోతే కార్డు ఖాళీగా కూర్చుంటుంది, దాని పనంతా ప్రాసెసరు నెత్తిన పడుతుంది. తెర కనిపిస్తూనే ఉంటుంది గనుక లోపం మన కంట పడదు. వేడి మాత్రం పెరుగుతుంది.

ఎన్విడియా కార్డునే తీసుకుందాం. దీనికి లినక్సుతో పాటే వచ్చే ‘నూవో’ అనే డ్రైవరు ఒకటి, ఆ సంస్థ విడిగా ఇచ్చే డ్రైవరు ఒకటి ఉన్నాయి. సంస్థ ఇచ్చేది కెర్నెల్‌కు సరిపోవాలి. అప్‌డేట్‌లో కెర్నెల్ మారి, డ్రైవరు దానికి తగినట్టు మళ్లీ తయారు కాకపోతే పనిచేయదు. సెక్యూర్ బూట్ అమలులో ఉండి డ్రైవరుకు డిజిటల్ సంతకం లేకపోయినా అంతే. తెర నల్లబడినప్పుడు కొందరు బూట్ వరుసలో ‘నోమోడ్‌సెట్’ అన్న మాట చేర్చి గట్టెక్కుతారు. అది తాత్కాలికమైన ఊతకర్ర. దాన్ని అలాగే వదిలేస్తే నూవో, ఇంటెల్, ఏఎమ్‌డీ డ్రైవర్లు పని మొదలుపెట్టవు.

హోసూరులోనో బరంపురంలోనో పెద్దల నోట విన్న పాటలు, మాటలు రికార్డు చేసి దాచుకున్న విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. ఫైలు రాస్తుండగా యంత్రం ఆగిపోతే ఆ ఫైలు చెడిపోవచ్చు. కాబట్టి మరమ్మతుకు ముందే అన్నిటినీ వేరే డిస్కులోకి ఎక్కించుకోవాలి.

తరువాత రెండు పరీక్షలు చేయాలి. మొదటిది: గ్నోమ్ వాడేవారు సెట్టింగ్స్‌లోని ‘అబౌట్’ పుటలో గ్రాఫిక్స్ వివరం చూడాలి. అక్కడ కార్డు పేరుకు బదులు ‘ఎల్ఎల్‌వీఎమ్‌పైప్’ అని ఉంటే బొమ్మలు గీస్తున్నది ప్రాసెసరే. రెండవది: ఎల్ఎమ్-సెన్సర్స్ ప్యాకేజీ పెట్టుకొని, టెర్మినల్‌లో ‘సెన్సర్స్’ ఆదేశంతో వేడిని కొలవాలి. పని లేనప్పుడు ఒకసారి, వీడియో నడుస్తున్నప్పుడు ఒకసారి చూడాలి. చాలా ప్రాసెసర్లు 95–100 డిగ్రీల సెల్సియస్ దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. వేడి ఇంకా మించితే యంత్రం ఆగిపోతుంది.

కార్డు పేరు కనిపించకపోతే లోపం డ్రైవరుది. బూట్ పట్టికలో పాత కెర్నెల్‌ను ఎంచుకొని చూడాలి. దానితో బాగుంటే అప్‌డేటే కారణమని తేలుతుంది. అప్పుడు మన లినక్సు పంపిణీవారి ప్యాకేజీల నుంచే డ్రైవరును మళ్లీ ఎక్కించి, ‘నోమోడ్‌సెట్’ ఉంటే తీసివేయాలి.

కార్డు పేరు సరిగానే ఉండి, పని లేనప్పుడు కూడా వేడి తగ్గకపోతే, ఏదైనా ప్రోగ్రాము వెనుక నడుస్తున్నదేమో ‘టాప్’ ఆదేశంతో చూడాలి. అదీ లేకపోతే కరెంటు ప్లగ్ తీసి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకొని దుమ్ము ఊదాలి. ప్రాసెసరు మీది థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే మార్చాలి.

ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, దానిని కాగితం మీద రాసుకోవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే, ఏది గుణమిచ్చిందో తెలియదు.